ఐదు వందల సైగలు

ప్రతి ఏప్రిల్‌లో మా ఆఫీసులో అందరం లక్ష్యాలు రాయాలి. కంప్యూటర్లో దానికొక పేజీ ఉంటుంది. నాలుగు గళ్లు ఆఫీసు పనికి, ఐదోది వ్యక్తిగత లక్ష్యానికి. ఆ ఐదో గడి దగ్గరికి వచ్చేసరికి ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా పరీక్ష హాల్లో పక్కవాడి పేపర్లోకి తొంగిచూసే పిల్లలైపోతారు. నేనూ అంతే. ఒక ఏడాది పక్క సీటు అమ్మాయి హాఫ్ మారథాన్ అని రాస్తే నేనూ అదే రాశాను. ఇంకో ఏడాది నెలకో పుస్తకం అన్నాను. మరో ఏడాది ఏదో క్లౌడ్ సర్టిఫికెట్ అన్నాను, అది వ్యక్తిగతం ఎలా అవుతుందని ఎవరూ అడగలేదు. హాఫ్ మారథాన్ కోసమైతే బూట్లు కూడా కొన్నాను. మూడు ఆదివారాలు రోడ్డు మీద ఆయాసపడ్డాక తెలిసింది, పరుగెత్తాలన్న కోరిక నాలో ఏ మూలా లేదని. బూట్లు మాత్రం బాగున్నాయి, ఇప్పటికీ కూరగాయలకు వేసుకెళ్తాను.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంకొకరు కట్టినదాంట్లో తప్పులు వెదకడం. అదే పని ఏళ్ల తరబడి చేస్తే బుద్ధి కూడా ఆ దారే పడుతుంది. పెళ్లి భోజనాల్లో ఉప్పు తక్కువైన కూర ఏదో అందరికన్నా ముందు నాకే తెలుస్తుంది. "నీతోటి సిన్మాకు పోవుడు కంటె ఇంట్ల పండుకునుడు నయం" అంటాడు మా ఆయన. ఇన్ని తప్పులు పట్టే దానికి, నా సొంత ఇంట్లో ముప్పై ఏళ్లు నడిచిన తప్పు ఒకటి కనబడలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మా చెల్లెలికి పుట్టుకతో వినబడదు. నాకన్నా ఐదేళ్లు చిన్నది. మాది నార్సింగి. ఆరేళ్లు రాగానే దాన్ని నగరంలోని బధిరుల పాఠశాల హాస్టల్లో వేశారు. సెలవులకు ఇంటికి వచ్చేది. అక్కడ దానికి ఒక భాష వచ్చింది. సైగలంటే మనం అనుకునే చేతులూపడం కాదు, జోకులు, చాడీలు, తిట్లు, బతిమాలడాలు అన్నీ ఉన్న నిండు భాష. ఆ సంగతి మాకు తెలియదు, తెలుసుకోవాలని తోచలేదు. మా ఇంట్లో ఓ పాతిక సైగలుండేవి. అమ్మంటే నుదుటి మీద బొట్టు. నాయినంటే మీసం. నేనంటే భుజాల మీదుగా రెండు జడలు. ఇవి కాక అన్నం, నీళ్లు, బస్సు, దవాఖాన. మిగిలినదంతా అది మా పెదవులు చూసి పట్టుకోవాలి, లేదా మేం కాగితం మీద గీకాలి. ఫోన్లు వచ్చాక వాట్సాప్ వచ్చింది. చుట్టాలొచ్చినప్పుడు అమ్మ గొప్పగా చెప్పేది: "మా బిడ్డ ఏం జెప్పినా మాకు అన్ని సమజైతయ్." మేమూ తలలూపేవాళ్లం.

పెళ్లయ్యాక నేను మూసాపేటలో ఉంటున్నాను. చెల్లెలు అమ్మానాయినలతోనే ఉండి, రాయదుర్గం దగ్గర ఒక ఆఫీసులో పని చేసేది. కార్లకు పెట్టే కెమెరాల కోసం వీధుల ఫొటోలు వస్తాయి. ఇది మనిషి, ఇది ఆవు, ఇది గుంత అని వాటి చుట్టూ గీతలు గీసి గుర్తులు పెట్టాలి. వాళ్ల బృందంలో వినబడనివాళ్లు మరికొందరు ఉన్నారు. వాళ్ల భవనానికీ మా ఆఫీసుకీ మధ్య నడక పది నిమిషాలు. అయినా రెండేళ్లలో ఒక్కసారి కూడా ఇద్దరం కలిసి మధ్యాహ్నం భోంచేయలేదు. ఎందుకని అడిగితే తీరిక లేక అనేదాన్ని.

కిందటేడు మార్చిలో ఒక ఆదివారం అది మా ఇంటికి వచ్చి కళ్లజోడు మరచిపోయింది. కళ్లజోడు లేకపోతే దానికి పనే లేదు. సోమవారం మధ్యాహ్నం తీసుకెళ్లాను. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన "గా చేతులతోటి మాట్లాడెటోల్లా మేడం? ఎనక దిక్కు ఉంటరు, పోండ్రి" అన్నాడు. భవనం వెనక, జనరేటర్ గది పక్కన నీడలో ఒక సిమెంటు బల్ల ఉంది. దాని మీదా దాని చుట్టూ ఆరుగురు. వాళ్ల మధ్యలో నిలబడి మా చెల్లెలు కథ చెబుతోంది.

మా ఇంట్లో చెల్లెలంటే ఒక మూల కూర్చుని ఫోన్ చూసుకునే మనిషి. నెమ్మదస్తురాలు, ఎవరి జోలికీ పోదు అని పేరు. అక్కడ నిలబడింది ఆ మనిషి కాదు. భుజాలు, నడుము, కనుబొమలు, పెదవులు అన్నీ కథలోకి దిగిపోయాయి. ఒక క్షణం ఎవరో పెద్దావిడ అయింది, మరుక్షణం పొట్ట ముందుకు తోసి ఇంకెవరో అయింది. ఆరుగురూ కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. ఒకమ్మాయి నవ్వాపుకోలేక పక్కవాడి వీపు మీద గుద్దుతోంది. నేను కళ్లజోడు డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాను.

చెల్లెలు నన్ను చూసింది. చేతులు కిందికి దిగిపోయాయి. మొహం మా ఇంటి మొహం అయింది. నా దగ్గరకొచ్చి నోటి దగ్గర ఐదు వేళ్లు కలిపి, తిన్నావా, అని అడిగింది. మా ఇంటి పాతికలో అదొకటి. ఏంటా కథ అని నేను బల్ల వైపు చూపిస్తూ అడిగాను. ఏం లేదు అన్నట్టు తల అడ్డంగా ఊపి, కళ్లజోడు తీసుకుని, వెళ్లమని నవ్వింది.

నాకు సంతోషం కలగాలి కదా. కలిగింది అసూయ. చెల్లెలి మీద కాదు, ఆ ఆరుగురి మీద. వాళ్లెవరో, నా చెల్లెలు వాళ్ల దగ్గర ఇంతమంది మనుషులుగా మారడమేంటి, నా దగ్గర ఐదు వేళ్లు నోటికి చూపించి ఊరుకోవడమేంటి? ఆఫీసుకు తిరిగి నడుస్తున్నంతసేపూ అదే అసూయ. సాయంత్రం మెట్రోలో కూడా అదే. మా అమ్మ అసూయను పెద్ద పాపం కింద లెక్కగట్టి పెంచింది మమ్మల్ని. ఎవరి చీరనైనా రెండోసారి చూస్తే వీపు మీద పడేది. అందుకే ఆ అసూయను తరిమేయాలని రెండు రోజులు చూశాను. అది పోలేదు. మూడో రోజు దాని మొహంలోకి సరిగ్గా చూస్తే అర్థమైంది, నాకు నిజంగా ఏం కావాలో ఆ అసూయ తప్ప ఇన్నేళ్లలో ఇంకెవరూ నాకు చెప్పలేదు.

ఏప్రిల్ వచ్చింది. ఐదో గడిలో ఎవరి పేపరూ చూడకుండా రాశాను: మా చెల్లెలు చెప్పే కథ ఒకటి దాని చేతుల నుంచి పూర్తిగా అర్థం చేసుకోవాలి. పేజీ ఒప్పుకోలేదు. కొలత ఇవ్వండి, గడువు ఇవ్వండి అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. మా మేనేజరుది గోదావరి వైపు. ఎవరినీ నొప్పించడు, అలాగని ఏదీ వదిలిపెట్టడు.

"బాగుందండి, మనసుకు హత్తుకునేలా ఉంది. కానీ దీన్నెలా కొలుస్తామండీ? నంబరేదో ఒకటి పడేయండి, అయిపోతుంది" అన్నాడు.

"కథ అర్థమైందా లేదా, అంతే కదా సార్."

"సగం అర్థమైతే? అప్పుడు మీకు రేటింగ్ ఎంతివ్వమంటారు చెప్పండి?"

నాకు కోపం వచ్చింది. కానీ ఆయన అడిగింది టెస్టర్ అడగాల్సిన ప్రశ్నే, కాదనడానికి నోరు రాలేదు. డిసెంబరు నాటికి ఐదు వందల సైగలు అని మార్చాను. పేజీ వెంటనే ఒప్పుకుంది.

ఇక చూడండి నా శ్రద్ధ. ఫోన్‌లో వీడియోలు పెట్టుకున్నాను. ఎక్సెల్‌లో పట్టిక కట్టాను. పదం, తేదీ, వచ్చింది, రాలేదు. మూసాపేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగేదాకా ఒళ్లో చేతులు ఆడిస్తూనే ఉండేదాన్ని. ఎదురు సీటులో ఒక పెద్దావిడ చూసి చూసి "చేతులు తిమ్మిరెక్కినయా బిడ్డా? జర నూనె రాస్కో" అంది. పండ్లు, రంగులు, వారాలు, వంటసామాన్లు, రోగాలు. ఆగస్టుకల్లా మూడు వందలు దాటాను. చెల్లెలికి మాత్రం చెప్పలేదు. ఒకేసారి చూపించి దాన్ని ఆశ్చర్యపరచాలని నా ఆశ. అది గీతలు గీసే భవనానికి పది నిమిషాల దూరంలో కూర్చుని, దాని భాషను ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ల వీడియోల్లోంచి నేర్చుకున్నాను. ఇంతకన్నా తెలివితక్కువ పని నా టీంలో ఎవరైనా చేస్తే గంటసేపు క్లాసు పీకేదాన్ని.

సెప్టెంబరులో చెల్లెలి నుంచి వాట్సాప్ వచ్చింది. అది రాసే తెలుగు మా ఇంటి మాటలాగే ఉంటుంది, చిన్న చిన్న ముక్కలుగా. "అక్క. జనవరిల బెంగుళూరు పోతున్న. ఆఫీసు అక్కడ పెద్దది. నేనే అడిగిన. అమ్మకు నువ్వు చెప్పు." నేనే అడిగిన అన్న ముక్క మీద నా కళ్లు నిలిచిపోయాయి. ఎందుకడిగింది? మా దగ్గర ఏం తక్కువైంది? ఫోన్‌లో అడగడానికి చేయి రాలేదు. అడిగితే అది నాలుగు ముక్కల్లో జవాబిస్తుంది, ఆ నాలుగు ముక్కలతో నేను సరిపెట్టుకోవాలి. నాకు ముక్కలు వద్దు. ఆ బల్ల దగ్గర ఆరుగురికి ఇచ్చినట్టు నాకూ మొత్తం ఇవ్వాలి. అప్పటి నుంచి నాకు రోజులు లెక్కపెట్టడం అలవాటైంది. అది వెళ్లేలోపు, ఒక్కసారి, ఫోన్ లేకుండా, కాగితం లేకుండా, దాని చేతుల నుంచి ఒక కథ వినాలి. ఇంకే కోరికా లేదు.

దసరా తర్వాత ఆదివారం నార్సింగి వెళ్లాను. భోజనాలయ్యాక చెల్లెలు అరుగు మీద కూర్చుంటే ఎదురుగా కూర్చుని, పది రోజులుగా సాధన చేసిన వాక్యాలు విప్పాను. నువ్వు బెంగళూరు వెళ్తే నాకు బాధగా ఉంటుంది. నీ స్నేహితులు మంచివాళ్లు. నీ ఉద్యోగం ఎలా ఉంది. చెల్లెలి కళ్లు పెద్దవయ్యాయి. నోరు తెరిచింది. ఆ ఒక్క క్షణం నేను అనుకున్నట్టే జరిగింది. వెంటనే దాని చేతులు లేచాయి, జవాబు చెప్పడం మొదలుపెట్టింది.

నాకు రెండు పదాలు దొరికాయి. బస్సు, నిన్న. మిగిలినదంతా కళ్ల ముందు నుంచి పారిపోయింది. ఇంకోసారి అన్నాను. అది నెమ్మదిగా చెప్పింది. మళ్లీ అన్నాను. ఇంకా నెమ్మదిగా చెప్పింది, చంటిపిల్లకు చెప్పినట్టు. మూడోసారికి ఆగి, నా గడ్డం పట్టుకుని నవ్వి, ఐదు వేళ్లు కలిపి నోటి దగ్గర పెట్టి, పాయసం తిన్నావా అని గిన్నె చూపించింది. జాలిపడి మా ఇంటి సైగల్లోకి తిరిగి వచ్చింది. ఆ దయే నన్ను కోసేసింది.

లోపల నుంచి అమ్మ చూస్తూనే ఉంది. "దాని చేతుల మాటలు నాకు ఎప్పటి సందో సమజైతయ్. నువ్వింక నేర్చుకునుడేంది?" అంది. చెల్లెలు ఆ పెదవులు చదివి, అమ్మకు కనబడకుండా నా వైపు తిరిగి కళ్లు పైకెత్తింది. ఆ కళ్లెత్తడం మాత్రం నాకు పూర్తిగా అర్థమైంది. తర్వాత ఫోన్ తీసి రాసింది.

"అక్క, నువ్వు పదాలు పెడుతున్నవ్. నీ మొఖం ఊకె ఉన్నది. బాధ అన్నవ్, మొఖంల బాధ లేదు. ఫారం నింపినట్టు ఉన్నది."

నాకు నేర్పవా అని రాశాను. దాని జవాబు వచ్చింది.

"ముప్పై ఏండ్లు మీ పెదవులు నేనే చూసిన. మీ మాట నేనే పట్టుకున్న. ఇగ నాకు ఓపిక లేదు అక్క. కోపం కాదు. ఓపిక లేదు."

ఇన్నాళ్లూ పని చేయించింది అసూయ ఒక్కటే, ఇప్పుడు సిగ్గు కూడా చేరింది. సిగ్గుతో నాకు తొందర ఎక్కువైంది. ఇంకో వంద పదాలు నేర్చుకుంటే సరిపోతుందేమో, పోటీ పరీక్షల కోచింగులా ఏదైనా సెంటరుందేమో అని ఆ రాత్రంతా వెతికాను. మర్నాడు చెల్లెలే ఇంకొక ముక్క పంపింది. "మధ్యాహ్నం బల్ల కాడికి రా. కూసో. చూడు. మాట్లాడకు." నేర్పను అంటూనే తలుపు ఓరగా తెరిచి పెట్టింది.

నవంబరు నుంచి మంగళవారం, గురువారం టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లేదాన్ని. మొదటి రోజు వాళ్లలో ఒకతను నన్ను చూడగానే భుజాల మీదుగా రెండు జడలు గీసి చెల్లెలి వైపు చూశాడు. ఔనంది. మిగిలినవాళ్లంతా ఒకరికొకరు రెండు జడలు గీసి చూపించుకున్నారు. నా జుట్టు ఇప్పుడు మెడ దాటదు. వాళ్లకు మాత్రం నేను ఎప్పటి నుంచో తెలుసు, అదీ జడలతో సహా. చెల్లెలు ఇన్నేళ్లూ వాళ్లకు నా గురించి చెబుతూనే ఉందన్నమాట. వాళ్లలో ఒక్కరి గురించి కూడా నాకు తెలియదు. నా డబ్బాలో ఉన్న బెండకాయ వేపుడు అందరికీ పెట్టాను, ఇంకేం చేయాలో తోచక.

ఆ బల్ల దగ్గర నేను ఏమీ రాని మనిషిని. నలభై ఒక్కేళ్ల వయసులో, కింద పన్నెండుమంది పనిచేసే మనిషిని, ఏమీ రాకుండా కూర్చోవడం ఎంత కష్టమో నాకే తెలుసు. నా పట్టికలోంచి ఎక్కడో ఒక పదం తళుక్కున కనబడి, అది ఏమిటా అనుకునేలోపు నాలుగు మాటలు దాటిపోయేవి. మొహాలు చూడడం మొదలుపెట్టాక కొంచెం నయం. చేతులు చూస్తుంటే పదాలు దొరికేవి, మొహం చూస్తుంటే మనిషి దొరికేది. కార్తీకంలో ఒక అమ్మాయి వాళ్ల అత్తగారి ఉపవాసాల గురించి చెబితే దాదాపు సగం అందింది. ఆ రోజు ఆఫీసుకు గాల్లో నడిచినట్టు వెళ్లాను.

ఇంకొక రోజు ఒకతను ఏదో చెప్పాడు, అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒక్క ముక్క అందలేదు. కానీ అందరూ నవ్వుతుంటే బిగుసుకుని కూర్చోవడం బాగుండదని నేనూ నవ్వాను, కొంచెం ఎక్కువగానే. నవ్వి పక్కకు చూస్తే చెల్లెలు నవ్వడం లేదు. నన్నే చూస్తోంది. ఏదో అంటుందనుకున్నాను. నా చేయి పట్టుకుని కాసేపు అలాగే ఉంచుకుంది.

డిసెంబరులో ఆఫీసు పేజీ మీద నా ఐదో గడి పచ్చరంగులోకి మారింది. ఐదు వందల పన్నెండు. మేనేజరు పొంగిపోయాడు. నేను సాధించలేదని మార్చమన్నాను.

"బాబోయ్, పచ్చగా ఉన్నదాన్ని ఎర్రగా చేసుకుంటారేంటండీ ఎవరైనా? నంబరు దాటారు కదండీ."

"కథ ఇంకా అర్థం కాలేదు సార్."

"కథ మన పేజీలో లేదు కదండీ" అన్నాడు, నిజంగానే నా మంచి కోరి. ఆయన్ని తప్పుపట్టను. ఆ గడిలోంచి కథను తీసేసింది నేనే. పేరు, కొలత, గడువు అన్నీ రాసి, దాని కోసం ఎందుకు తపిస్తున్నానో ఆ ఒక్కటీ వదిలేశాను. తపన రాయడానికి అక్కడ చోటు లేదు, ఉన్నా ఆఫీసులో ఎవరు రాస్తారు? కానీ పదాలు వచ్చాక కూడా నన్ను వారానికి రెండుసార్లు ఆ జనరేటర్ పక్కకు నడిపించింది అదే. పరుగు బూట్లు నెల రోజుల్లో కూరగాయల బూట్లయ్యాయంటే, అది లేకనే.

చెల్లెలు వెళ్లేది శనివారం. గురువారం బల్ల దగ్గర దానికి వీడ్కోలు. కేకు తెచ్చారు, సమోసాలు తెచ్చారు. కేకు కోశాక నేను లేచి నిలబడ్డాను. ఏడుపు వస్తోంది, దాన్ని దాచుకునే ప్రయత్నం చేయలేదు. మార్చిలో, కళ్లజోడు తెచ్చిన రోజున, నువ్వు చెబుతున్న కథ చెప్పు, నాకు కావాలి, అని చేతులతో అడిగాను. తప్పులు పడే ఉంటాయి. ఎవరూ దిద్దలేదు. ఆరుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చెల్లెలు, నిజంగానా, అని అడిగింది. నిజంగానే అన్నాను. అది సమోసా పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని మధ్యలోకి వచ్చింది.

మా పెద్దమ్మ ఇల్లు. నేల మీద భోజనాల బంతి. ఇంతమంది, అంతమంది, వరసగా విస్తళ్లు. చివర చిన్నపిల్ల, అది తనే. మీసం, నాయిన. బొట్టు, అమ్మ. రెండు జడలు, నేను. మధ్యలో పొట్ట ముందుకు తోసుకుని మా మేనమామ, నోట్లో ముద్ద పెట్టుకునే మాట్లాడుతున్నాడు. ఏదో అన్నాడు. బంతి మొత్తం నవ్వు. నాయిన మీసం ఎగిరెగిరి పడుతోంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. చిన్నపిల్ల ఒక్కొక్క మొహమే చూస్తుంది. ఏమైందో తెలియదు. అయినా అందరితోపాటు నవ్వుతుంది, కొంచెం ఎక్కువగానే. రెండు జడలదైతే నవ్వీ నవ్వీ అన్నం ముక్కులోకెక్కి దగ్గుతోంది. చిన్నపిల్ల దాని చేయి పట్టి గుంజుతుంది, ఏంది, ఏంది. రెండు జడలది కళ్లు తుడుచుకుంటూ చెయ్యి ఊపుతుంది: తర్వాత. సరే. చిన్నపిల్ల ఆగుతుంది. చేతులు కడుక్కునే చోట మళ్లీ గుంజుతుంది. తర్వాత. మర్నాడు హాస్టలుకు బస్సు. కిటికీలోంచి అడుగుతుంది. రెండు జడలది కింద నిలబడి చెయ్యి ఊపుతుంది. టాటానా, తర్వాతనా? చిన్నపిల్లకు తెలియదు. బస్సు కదిలింది.

ఆరుగురూ పడీ పడీ నవ్వారు. ఒకడు లేచి, తనకో అన్న ఉన్నాడని, సరిగ్గా అలాగే చెయ్యి ఊపుతాడని చూపించాడు. ఇంకొకమ్మాయి వాళ్ల పిన్నిని చూపించింది. ప్రతి ఒక్కరికీ ఇంట్లో ఒక రెండు జడలది ఉంది. అందుకే అది వాళ్లకు అంత ఇష్టమైన కథ.

నాకు మొత్తం అర్థమైంది. ఒక్క ముక్క కూడా జారలేదు. పది నెలలుగా దేని కోసం తహతహలాడానో అది నాకు పూర్తిగా దక్కింది, అందులో నేను అలా ఉన్నాను.

చెల్లెలు ఇంకా అక్కడే నిలబడి ఉంది. అర్థమైందా అని అడిగింది. అర్థమైంది అన్నాను. అయితే చెప్పు, అంది. ఆ రోజు మామ ఏమన్నాడు? మీరంతా దేనికి నవ్వారు?

నన్ను ఉడికించడానికి అడుగుతోందేమో అనుకున్నాను. కాదు. దాని మొహంలో ఆటలేమీ లేవు. ఇరవై ఐదేళ్లకు పైగా దానికి నిజంగానే అది తెలుసుకోవాలని ఉంది. ఇప్పుడు చెప్పడానికి నాకు చేతులు వచ్చాయి కాబట్టి అడిగింది. నేను వెతికాను. మామ మొహం గుర్తొచ్చింది, ఆ పొట్ట గుర్తొచ్చింది, ముక్కులో అన్నం మెతుకు మంట కూడా గుర్తొచ్చింది. ఆయన ఏమన్నాడో గుర్తు రాలేదు.

గుర్తు లేదు అని చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. చెల్లెలు దాన్ని నమ్మలేదు. నా చేతుల వైపే చూస్తూ ఇంకోసారి అడిగింది.